పాత దూది

అర్ధరాత్రి ఫోన్ చేశావు యూనుసూ.
వెనకాల ఏరియేటర్లు నీళ్ళని బాదుతున్నాయి.
“పడుకున్నావా బాబాయ్” అని ఒక్క ముక్క అడిగి
పావుగంట సేపు
రొయ్యల చెరువునే నాకు వినిపించావు.

పడుకోలేదులే. ముసలాడికి నిద్రెక్కడిది.

నువ్వు కలిమా చదివిన శుక్రవారం
నరసాపురం మసీదు మెట్ల మీద చెప్పులకి చోటు లేదు.
అందరూ కావలించుకున్నారు, అత్తరు పూశారు,
ఖర్జూరం నోట్లో పెట్టి ఫోటో తీశారు.
పై శుక్రవారానికి సలాములు.
నాలుగో వారానికి తలకాయ ఊపులు.
పండగ నాడు నమాజు కాగానే
ఎవరి స్కూటరు వాళ్ళది, ఎవరి సేమ్యా వాళ్ళ పొయ్యి మీద.
కొత్త చొక్కాలో నువ్వు
బస్టాండు టీకొట్టు దగ్గర బన్ను ముంచుకు తింటున్నావు.
చూశాను.
సైకిలు దిగలేదు.
మబ్బేసింది, వెనక పరుపు తడుస్తుందని.
ఆ బన్ను ఇంకా నా గొంతులోనే ఉందిరా.

నీకు ‘హా’ పలకడం రాదని ఎవడో కుర్రాడు నవ్వాడటగా.
పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చదువుతున్నా, నాకూ రాదు.
దూదేకులోళ్ళం. మా అమ్మ అల్లాని
“నాయనా, నువ్వే దిక్కు” అని తెలుగులోనే పిలిచేది.
సాయిబులు మమ్మల్ని తెలుగోళ్ళన్నారు,
తెలుగోళ్ళు సాయిబులన్నారు.
డెబ్భై ఏళ్ళుగా ఆ గట్టు మీదే కాపురం.
వరదలొచ్చాయి గానీ ఇల్లు కూలలేదు.

మూణ్ణెల్లుగా కన్ను మూతపడట్లేదన్నావు.
ఈమాన్ తక్కువై అన్నాడట ఇంకొకడు.
కాలు విరిగితే దువా చేసి ఊరుకుంటాడేమో అడుగు వాణ్ణి.
సోమవారం పాసింజరెక్కి భీమవరం పోదాం.
మా కోడలు పురుడయ్యాక ఆర్నెల్లు గోడకేసి చూస్తూ కూర్చుంటే
మళ్ళీ మాటల్లోకి తెచ్చిన డాక్టరమ్మ ఉందక్కడ.
నేను బయట బల్ల మీద ఉంటాను.
ఎవరన్నా తెలిసినోళ్ళు కనబడితే
నాకే ఒంట్లో బాలేదంటాను.

వసిష్ఠ నీళ్ళు తాగి పెరిగినోడివి, నీకు చెప్పాలా.
పోటుకి ఉప్పునీళ్ళు రేవు మెట్లెక్కుతాయి.
పాటుకి దిగిపోతాయి.
దిగినప్పుడు ఏరు చచ్చిందని ఎవరన్నా ఏడుస్తారా?
బురద బయటపడుతుంది. పీతలు తిరుగుతాయి.
కాసేపు కంపు కొడుతుంది కూడాను.
అప్పుడు పడవ దింపకూడదు, అంతే.

ఇంకోటి. చెప్పాలా వద్దా అని నిన్నట్నుంచీ నములుతున్నా.
పంటు దాటి పల్లిపాలెం వెళ్ళాను పని మీద.
ఒకావిడ పిలిచింది.
అటక మీంచి పరుపు దింపించింది, ఒక మూల ఎలకలు కొట్టేసింది.
“కొత్త దూది వెయ్యనా అమ్మా” అన్నాను.
“వద్దండి, పాతదే ఏకండి.
మా నూకరాజు పడుకున్నది.”

నోరు కుట్టుకుని మిషను తిప్పాను.
వాకిలంతా దుమ్ము లేచింది.
దగ్గుతూనే నిలబడింది, లోపలికి పోలేదు.
దుమ్ము దుమ్ములా పోయింది,
దూది తెల్లగా, తట్ట మీద మోకాలెత్తు పొంగింది.
గుడ్డ కత్తిరించబోతే ఆగమని
“చెరువు గట్టు మీద మడత మంచమంట, చిన్నదంట” అని
గాల్లోనే మూరేసి చూపించింది.
డబ్బులిస్తూ నా మొహంలోకి చూడకుండా
“తింటున్నాడాండీ?” అంది.

తింటున్నాడమ్మా అన్నాను. అబద్ధమే.
దాన్ని నిజం చెయ్యాల్సింది నువ్వూ నేనూ.
రేపట్నుంచి మగ్రిబ్ కాగానే మా ఇంటికి రా,
చేపల పులుసో, చారు మెతుకులో.
ఆ పేరుతో ఆవిడ పిలిస్తే పలుకు.
పలికితే నీ నమాజుకేం చిల్లు పడదు.

పరుపు సైకిలుకి కట్టే ఉంది. తెల్లారి తెస్తాను.
ఫోన్ మాత్రం పెట్టెయ్యకు.
మాట్లాడకపోతే పోనీలే.
ఆ ఏరియేటరు చప్పుడు వింటుంటే
మా నాన్న ఏకుడు బద్ద చప్పుడు లాగుంది.
ఉండనీ కాసేపు.